ఒక్క దీర్ఘం ఖరీదు



ఈ సంచికకు రచనలు పంపమని నోటీసు బోర్డు మీద రాసిన దగ్గర్నుంచి మా నలుగురికీ సరిగ్గా నిద్ర లేదు. రచనలు రాలేదని కాదు. బాగానే వచ్చాయి. కాకపోతే కాగితం మీద వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ వాట్సాప్‌లో వచ్చాయి. వాటిలో సగానికి పైగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగే. వాటిని తెలుగు లిపిలోకి మార్చి, ప్రూఫులు దిద్ది, ప్రెస్సుకు పంపే పని మా మీద పడింది.

తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు వాళ్ల నాన్న గురించి రాశాడు. నాన్న పొద్దంతా కూలికి పోయేవాడని, రాత్రయితే... అని రాసి, ఆ తర్వాత పి, ఏ, డి, ఈ, వి, ఏ, డి, యూ అనే ఎనిమిది అక్షరాలు పెట్టాడు. మేము దాన్ని ‘పడేవాడు’ అని చదివాం, అలాగే రాసేశాం. తాగి పడిపోయేవాడు కాబోలు, మన ఇళ్లల్లో కనబడే కథే కదా అని మాలో మేము చెప్పుకున్నాం కూడా. ప్రెస్సుకు పంపే ముందు ఎందుకో అనుమానం వచ్చి తమ్ముణ్ని పిలిచి చదివి వినిపించాం. వాడి మొహం మాడిపోయింది.

“పడేవాడు కాదన్నా, పాడేవాడు. మా నాన్న తాగడు. ఊళ్లో పెళ్లయినా చావయినా ఆయనే పాడాలి” అన్నాడు.

ఒక్క దీర్ఘం లేనందుకు ఒక పాటగాణ్ని తాగుబోతును చేసి, అచ్చు వేసి, అందరికీ పంచబోయాం. తప్పు తమ్ముడొక్కడిదే అని మేము అనం. కూలివాడంటే తాగి పడిపోయేవాడే అన్న మాట ఎవరెవరి నోటి నుంచో వచ్చి మా బుర్రల్లోకి కూడా ఎక్కింది. అది మా తప్పు. అయినా ఆ దీర్ఘం అక్కడ ఉండి ఉంటే మా బుర్రలతో పని ఉండేది కాదు. అక్షరం నిజం చెప్పేది.

అందుకే ఈ వ్యాసం.

ఈ అలవాటు ఊరికే రాలేదు. మన అన్నలు బటన్ల ఫోన్లు వాడిన రోజుల్లో ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పట్టేవి. అదే తెలుగులో పంపితే 70 మాత్రమే. గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా ఆ లెక్కలోకే వచ్చేవి. చాలా ఫోన్లలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనబడేవి. ‘సి’ అనే ఒక్క అక్షరం కావాలంటే రెండో నంబరు బటన్ మూడుసార్లు నొక్కాలి. అప్పుడు అచ్చులు ఎగరగొట్టి రాశారంటే దానికో కారణం ఉంది. ఈ రోజు మామూలు స్మార్ట్‌ఫోన్‌లోనూ తెలుగు కీబోర్డు పెట్టుకోవచ్చు. నోటితో చెబితే తెలుగులో రాసిపెట్టే సదుపాయం కూడా ఉంది. వాట్సాప్‌లో 160 లెక్క లేదు. కారణం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది.

ఇంగ్లీషు అక్షరాలు 26. మనకు హ్రస్వం, దీర్ఘం వేరు. ల, ళ వేరు. న, ణ వేరు. ఇన్ని తేడాలను ఆ 26 అక్షరాలు, అదీ తొందర తొందరగా కొడితే, మోయలేవు. మొన్న జ్వరంతో ఊరికి పోయిన తమ్ముడొకడు కె, ఏ, డబుల్ ఎల్, యూ అని రాసి, నొప్పిగా ఉన్నాయని గ్రూపులో పెట్టాడు. అవి కళ్లని ఒకడు కంటి డాక్టరు పేరు చెప్పాడు. కాళ్లని ఇంకొకడు నొప్పుల మందు పేరు చెప్పాడు. కల్లు అనుకుని మూడోవాడు ‘మానెయ్‌రా’ అని సలహా ఇచ్చాడు. అందరం నవ్వుకున్నాం. పాపం, వాడికి నొప్పి పుట్టింది కాళ్లే.

తెలుగు లిపిలో రాసేవాళ్లం మాత్రం ఏం తక్కువ తిన్నాం? ‘అర్థం’లో థ ఒత్తు పెడితే భావం, ధ ఒత్తు పెడితే సగం. ‘నాకు అంతా అర్ధమైంది’ అని రాసేవాడికి నిజంగా సగమే తెలిసిందనుకోవాలి. ‘బాధ’ను ‘భాద’ అని రాస్తాం. ‘వేళ’కు, ‘వేల’కు తేడా చూడం. ఇంతెందుకు, ఈ పండుగకు గేటు మీద కట్టడానికి మేము రాసిచ్చిన ఫ్లెక్సీలోనే ‘వార్షికోస్తవం’ అని పడింది. వాచ్‌మన్ మామ చూసి చెప్పేదాకా మాలో ఒక్కరికీ కనబడలేదు. ఫోన్ చూపించిన మొదటి మాటను నొక్కడం, రాసింది తిరిగి చదవకుండా పంపడం మనకు అంతగా అలవాటైపోయింది.

‘భావం తెలిస్తే చాలదా, ఈ ఒత్తుల గొడవ ఎందుకు?’ అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. స్నేహితుల మధ్య అయితే చాలు. మనల్ని ఎరిగినవాడు సగం రాసినా పూర్తిగా అర్థం చేసుకుంటాడు. మనల్ని ఎరగనివాడి సంగతేమిటి?

పోయిన ఏడాది మన నీళ్ల మోటారు కాలిపోయినప్పుడు ఒక కార్యాలయానికి అర్జీ పెట్టాం. ఫోన్లో గబగబా నోటితో చెప్పి, ప్రింటు తీయించి, తిరిగి చదవకుండానే ఇచ్చి వచ్చాం. అక్కడి ఉద్యోగి ఒకాయన దాన్ని పక్క సీటాయనకు చూపించి, “వీళ్ల చదువు చూడండి సార్” అని నవ్వాడు. నీళ్ల మాట పక్కకు పోయింది, తప్పుల మాట ముందుకొచ్చింది. ఆయన నవ్వడం తప్పే. నీళ్లు లేక పిల్లలు అల్లాడుతుంటే ఒత్తులు లెక్కపెట్టడం ఏం న్యాయం? కానీ నవ్వడానికి సాకు చేతికిచ్చింది మేమే. మర్నాడు నలుగురం కూర్చుని, మళ్లీ రాసి, గట్టిగా చదువుకుని, తీసుకెళ్లి ఇచ్చాం. కొన్నాళ్లకు మోటారు వచ్చింది. అక్షరాల వల్లే వచ్చిందని చెప్పం. ఈసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. నీళ్ల గురించే మాట్లాడారు.

మనలో చాలామంది ఇళ్లల్లో బడికి పోయినవాళ్లం మొదట మనమే. ఇంట్లో తప్పు దిద్దేవాళ్లు లేరు. ఉన్నవాడు తప్పు రాస్తే ‘తొందరలో రాశాడు’ అంటారు. మనం రాస్తే ‘వీళ్లకు చదువు రాదు’ అంటారు. ఈ అన్యాయం మారాల్సిందే. మారేదాకా మన అర్జీలో, మన దరఖాస్తులో తప్పు ఉండకూడదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. యాస తప్పు కాదు. ‘వచ్చిండు’ అన్నా, ‘వచ్చాడు’ అన్నా, ‘వచ్చినాడు’ అన్నా తెలుగే. అమ్మ నేర్పిన మాటకు ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు (1863–1940) జనం మాట్లాడే భాషలో చదువు ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అదే గిడుగు సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. జనం మాట కావాలన్న మనిషే ఆ మాటకు ఒక క్రమం ఉందని కూడా చూపించారు. వాడుక భాష అంటే ఎలా పడితే అలా రాయడం కాదు.

గుర్రం జాషువా గారిని తలుచుకుందాం. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన కులం పేరుతో ఎన్నో అవమానాలు పడ్డారు. పద్యం తమ సొత్తు అనుకున్నవాళ్ల ముందు ఆ పద్యాన్నే వాళ్లకంటే బాగా రాసి చూపించారు. ‘గబ్బిలం’ రాశారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అంబేద్కర్ గారు 1920లో ‘మూక్‌నాయక్’ పత్రిక పెట్టారు. మూగవాళ్ల నాయకుడని దాని అర్థం. నోరు లేనివాళ్లకు అక్షరమే నోరవుతుందని ఆయనకు తెలుసు. అంత కష్టపడి తెచ్చుకున్న నోటిని మనం చేతులారా నత్తి చేసుకుందామా?

మరి ఏం చేయాలి? మాకు తోచిన నాలుగు మాటలు చెబుతాం.

ఒకటి, హాస్టల్ గ్రూపులో నోటీసులు, చావు కబుర్లు, డబ్బు లెక్కలు తెలుగు లిపిలోనే పెడదాం. సరదా కబుర్లు మీ ఇష్టం.

రెండు, పంపే ముందు ఒక్కసారి చదువుదాం. అర నిమిషం పని.

మూడు, తప్పు కనబడితే గ్రూపులో నలుగురి ముందు ఎత్తిచూపొద్దు. పక్కకు పిలిచి చెబుదాం. ఎగతాళి చేస్తే తప్పు పోదు, రాయడమే పోతుంది.

నాలుగు, ఆగిపోయిన గోడపత్రికను శనివారం శనివారం మళ్లీ పెడదాం. ప్రతి గది నుంచి ఒక పేజీ, చేత్తో రాసింది. అన్నలు కూడా ఏడాదికి ఒక్క ఉత్తరం రాయండి. వార్డెన్ గారి పాత బీరువాలో మీరు రాసిన ఇన్‌లాండ్ కవర్లు ఇంకా ఉన్నాయి. వాటిలోనూ తప్పులున్నాయి. కానీ చాలాచోట్ల కొట్టివేసి, పైన సరిచేసి రాశారు. అంటే రాసి, తిరిగి చదివారన్నమాట. మేము మీ దగ్గర నేర్చుకోవాల్సింది అదే.

ఈ వ్యాసంలోనూ తప్పులు దొర్లి ఉండొచ్చు. కనబడితే పక్కకు పిలిచి చెప్పండి, సంతోషిస్తాం. తమ్ముడి రచన ఈ సంచికలోనే ఉంది. వాళ్ల నాన్న అందులో పాడుతున్నాడు. చదవండి.

ఇట్లు,
సంపాదకవర్గం