కొరికే పళ్లు... కొట్టే చెయ్యి

ఇంట్లోకి కొత్తగా కుక్కపిల్ల వస్తే మొదటిరోజు పండుగ, మూడోరోజు పంచాయితీ. మా ఇంట్లోనూ అదే జరిగింది. మా అబ్బాయి సెలవులకు వస్తూ రెండు నెలలు నిండిన కుక్కపిల్లను వెంట తెచ్చాడు. తొమ్మిదేళ్ల మనుమడు దానికి టామీ అని పేరు పెట్టాడు. మొదటి రాత్రి గడవగానే అది తన పని మొదలుపెట్టింది. పిల్లల వేళ్లు, ఇంటావిడ చీర కుచ్చెళ్లు, నా పంచె అంచు, గుమ్మంలోని చెప్పులు... దాని నోటికి చిక్కనిదంటూ లేదు. పళ్లు చిన్నవే గాని సూదుల్లా గుచ్చుకునేవి. వద్దని నెడితే అదో ఆట అనుకొని రెట్టింపు హుషారుగా మీదికి దూకేది.

సలహాలకు కొదవ లేదు. ‘చెప్పుతో మూతిమీద ఒక్కటివ్వండి, జన్మలో కరవదు’ అన్నారు పక్కింటివారు. ‘వేళ్లకు కారం రాసుకోండి’ అన్నారు ఇంకొకరు. ‘మనవల్ల కాదు గాని, సంతలో వదిలేసి రండి’ అంది మా ఇంటావిడ విసిగిపోయి. నేను మధ్యేమార్గం అనుకొని, పొద్దున చదివిన పేపరును గుండ్రంగా చుట్టి దాని మూతిమీద కొట్టడం మొదలుపెట్టాను. రెండు రోజులు పని చేసినట్టే కనిపించింది. నిజానికి అది కొరకడం మానలేదు. నేను పేపరు చేతిలోకి తీసుకోగానే మంచం కిందికి దూరడం నేర్చుకుంది, అంతే. చివరికి అన్నం పెడదామని చెయ్యి చాచినా బెదిరి వెనక్కి జరిగేది.

ఒక సాయంత్రం మా మనుమడు అలాగే పేపరు చుట్టి, నాలుగేళ్ల చెల్లెలి మూతిమీద కొట్టాడు. ‘ఎందుకు కొట్టావురా?’ అని గద్దిస్తే, ‘అది నా చెయ్యి కొరికింది తాతయ్యా! కొరికితే కొట్టాలిగా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఆదివారమే ఆత్మఫలాల్లో దీర్ఘశాంతం గురించి గంటసేపు ప్రసంగించిన సంఘకాపరిని నేను! కుక్కపిల్లకు నేర్పబోయిన పాఠం కుక్కపిల్లకు రాలేదు, మనుమడికి వచ్చింది.

మర్నాడు టామీని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నవ్వి, ‘ఇది పగతో కరవడం కాదు అయ్యగారూ! దానికి చేతులు లేవు కదా, నోటితోనే లోకాన్ని తడుముతుంది’ అన్నారు. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. మూడు, నాలుగు నెలల వయసు నుంచి అవి ఊడుతూ, ఏడో నెల వచ్చేసరికి 42 శాశ్వతమైన పళ్లు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్లు సలుపుతాయి గనుక ఏదో ఒకటి నమలకుండా ఉండలేదు. తోబుట్టువులతో ఆడేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కీచుమని అరిచి ఆట మానేస్తుంది. పాలు తాగుతూ కొరికితే తల్లి లేచి పక్కకు వెళ్లిపోతుంది. ఎంత గట్టిగా నోరు పెట్టవచ్చో పిల్లకు అలా తెలుస్తుంది. రెండు నెలలు నిండకుండా పిల్లను తల్లి నుంచి వేరు చేయవద్దనడానికి ఇదీ ఒక కారణం. తల్లి మొదలుపెట్టిన ఆ పాఠాన్ని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు పూర్తి చేయాలి.

ఎలా? ఆయన చెప్పిన పద్ధతిలో కష్టమైనది ఏదీ లేదు, ఓపిక తప్ప. కొరికిన వెంటనే చెయ్యి విదిలించకూడదు, కేకలు వేయకూడదు. కదిలే చెయ్యి దానికి పారిపోయే ఎలుకలాంటిది. కదలకుండా ఆగి, నెమ్మదిగా చెయ్యి తీసుకొని, ఆట ఆపి, అర నిమిషం దాన్ని పట్టించుకోకుండా ఉండాలి. తర్వాత అది కొరకదగిన వస్తువు దాని నోటికి అందించాలి. ముడివేసి, తడిపి, ఫ్రిజ్‌లో చల్లబరచిన గుడ్డ అయినా చాలు, దగ్గరుండి నమలనిస్తే చిగుళ్లకు హాయిగా ఉంటుంది. ఉడికించిన ఎముకలు మాత్రం వేయకూడదు, అవి చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. అది గుడ్డను పట్టుకున్నప్పుడు మెచ్చుకోవాలి. రోజులో పద్దెనిమిది గంటలైనా నిద్రపోవలసిన వయసది. నిద్ర చాలని పిల్ల చంటిబిడ్డ మారాం చేసినట్టు ఇంకా ఎక్కువ కొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో అందరూ ఒకే తీరుగా ఉండాలి. ఒకరు నవ్వుతూ వేలు అందించి, మరొకరు అదే పనికి కొడితే దానికి ఏమీ అర్థం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కుక్కపిల్లే కదా అని పంటిగాటును తేలిగ్గా తీసుకోకూడదు. రేబిస్ కుక్కపిల్లల నుంచి కూడా వస్తుంది. లక్షణాలు కనిపించాక ఆ జబ్బు నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. పన్ను గీసుకుపోయినా, రక్తం చెమర్చినా వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే టీకా వేయించి, తర్వాత వైద్యుడు చెప్పిన సమయాల్లో మళ్లీ వేయించాలి. ప్రార్థన చేసుకున్నాం గనుక సూది అక్కర్లేదనడం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడం.

ఇంటికి వచ్చాక బైబిలు తెరిచాను. నాకు ఇద్దరు కనిపించారు. ఒకరు యాజకుడైన ఏలీ. హొఫ్నీ, ఫీనెహాసు చేస్తున్న దుర్మార్గం ఆయన చెవిని పడింది. ఆయన మౌనంగా ఉండలేదు, మందలించాడు కూడా. అయితే దేవుడు ఆయన మీద మోపిన నేరం వారిని అడ్డగించలేదన్నది (1 సమూ. 3:13). ‘వద్దురా, తప్పురా’ అంటూనే కుక్కపిల్ల నోట్లో వేలు ఉంచేవాళ్లం మనం. అది గారాబం, ప్రేమ కాదు. రెండు నెలల వయసులో ముద్దొచ్చిన కొరుకుడే రెండేళ్లకు ఎవరి బిడ్డనో గాయపరుస్తుంది. అప్పుడు శిక్ష పడేది మనకు కాదు, ఆ మూగజీవికే. వీధుల్లోకి, సంతల్లోకి నెట్టేసిన కుక్కల్లో ఎన్నో ఇలా చెడినవే.

రెండోవాడు బిలాము. గాడిద దారి తప్పింది, గోడకు ఒరిగింది, కూలబడింది. మూడుసార్లూ బిలాము కొట్టాడే తప్ప, ఎందుకిలా చేస్తోందని ఒక్కసారీ ఆలోచించలేదు. కత్తి చేతిలో ఉంటే చంపేసేవాణ్ణన్నాడు (సంఖ్యా. 22:29). తీరా చూస్తే తప్పు గాడిదది కాదు, కళ్లు మూసుకుపోయింది స్వారీ చేసేవాడికి. నన్నెందుకు మూడుసార్లు కొట్టావని గాడిద చేత అడిగించిన దేవుడు, నా మనుమడి చేత నన్ను అడిగించాడనిపించింది.

ఏలీ ఆపలేదు, బిలాము ఆగలేదు. మరి మూడో మార్గం ఉందా? గెత్సేమనేలో ఉంది. లూకా, యోహాను సువార్తలు కలిపి చదవండి. పేతురు కత్తి దూసి ప్రధానయాజకుని దాసుడు మల్కు చెవి తెగనరికాడు. ప్రభువు మొదట దాన్ని ఆపాడు. గాయపడినవాడి చెవి ముట్టి బాగుచేశాడు. కత్తిని ఒరలో పెట్టమన్నాడు. అంతటితో పేతురును వదిలేయలేదు. పునరుత్థానం తర్వాత తిబెరియ సముద్రతీరాన మూడుసార్లు పలకరించి, తన గొర్రెలను మేపే పని అప్పగించాడు (యోహాను 21:15-17). ఆపడం, గాయం మాన్పడం, ఆ చేతికి తగిన పని ఇవ్వడం. చెవి నరికిన చేతికి కాపరికర్ర ఇచ్చిన ప్రభువు మనవాడు! కుక్కపిల్ల నోట్లోంచి వేలు తీసి, తడిగుడ్డ అందించేటప్పుడల్లా నాకు ఆ సముద్రతీరం గుర్తొస్తుంది.

‘మరి బెత్తం సంగతి సామెతల్లో ఉంది కదా’ అని కొందరు విశ్వాసులు అడుగుతారు. ఉంది (13:24). క్రమశిక్షణ వద్దని నేననడం లేదు. ఏలీ కథ చదివినవాడెవడూ అలా అనలేడు. కాని కాపరి చేతి దుడ్డుకర్రను చూసి దావీదు భయపడలేదు, ఆదరణ పొందాడు (కీర్తన 23:4). మన చేతిలోని బెత్తం చూసి బిడ్డ మంచం కిందికి దూరితే, ఆ బెత్తం కాపరిది కాదు, కోపానిది. అదే సామెతల గ్రంథం నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా దయతో చూస్తాడంటోంది (12:10). పిల్లలకు కోపం రేపి వారి మనసు కుంగదీయవద్దని పౌలు తండ్రులకే ప్రత్యేకంగా రాశాడు (కొలొ. 3:21). కొట్టడం వల్ల తప్పు ఆగినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆగేది తప్పు కాదు, మన దగ్గరికి రావడం.

సంఘాల్లో మాత్రం జరుగుతున్నదేమిటి? కొత్తగా రక్షణలోకి వచ్చిన యువకుడు కమిటీ సమావేశంలో పదునుగా ఓ ప్రశ్న వేస్తాడు. మాట తీరు ఇంకా తెలియదు, ఆత్మీయంగా పాలపళ్ల వయసు. పెద్దలు నోరు మూయిస్తారు. వచ్చే ఆదివారం ప్రసంగ వేదిక మీదినుంచి పేరెత్తకుండా వాత పెడతారు. ఆ తర్వాత అతడు ప్రశ్నించడు నిజమే. కాని ఆరాధనకూ రాడు. ‘వాడు చల్లారిపోయాడండీ’ అంటాం. వాడు చల్లారలేదు, మంచం కిందికి దూరాడు. తప్పిదంలో చిక్కినవాణ్ణి సాత్వికమైన మనసుతో సరిదిద్దమంటుంది వాక్యం (గలతీ. 6:1). అదే పత్రికలో కాస్త ముందు, ఒకరినొకరు కరచుకొని మింగేసుకుంటే చివరికి ఎవరూ మిగలరన్న హెచ్చరిక ఉంది (5:15). అది పాలపళ్లవారికి కాదు, పళ్లన్నీ వచ్చిన పెద్దలకు!

టామీకి ఇప్పుడు ఎనిమిది నెలలు. శాశ్వతమైన పళ్లు వచ్చాయి, కొరకడం మానింది. పిల్లలు అన్నం ముద్ద పెడితే పెదవులతో అందుకొంటుంది. ఇది వారం రోజుల్లో జరగలేదు. రోజుకు ఇరవైసార్లు ఆగి, ఇరవైసార్లు గుడ్డ అందిస్తే నెలల తరబడి కొంచెం కొంచెంగా జరిగింది. మా మనుమడు ఇప్పుడు చెల్లెలితో, ‘కొరికితే ఆడుకోను, పో!’ అని పక్కకు వెళ్లి కూర్చుంటున్నాడు. అర నిమిషంలో ఆమె వెళ్లి, ‘కొరకను అన్నయ్యా’ అంటోంది.

అయితే ఒక సంగతి దాచకూడదు. నేను పేపరు మడిచే చప్పుడు వినబడితే చాలు, టామీ చెవులు ఇప్పటికీ వెనక్కి వాలతాయి. ఆ జ్ఞాపకం నేనిచ్చిందే. కొట్టింది నాలుగు రోజులే, మాన్పడానికి ఆరు నెలలు చాలలేదు. అందుకే ఇప్పుడు పేపరును మడవకుండా బల్లమీద పరిచి చదువుతున్నాను.

మన ఇళ్లలో, సంఘాల్లో మన చేతిని చూసి బెదిరేవారు ఎవరైనా ఉన్నారేమో ఈ వారం ఆలోచిద్దాం. ఉంటే, వారు మళ్లీ దగ్గరికి వచ్చేదాకా ఆ చెయ్యి చాచి ఉంచే దీర్ఘశాంతాన్ని ప్రభువు మనకు అనుగ్రహించును గాక! ఆమెన్.