శ్మశానంలో కూర్చున్న ఆ భిక్షువు ఎవరు?

చందమామ బేతాళ కథలు చదివిన ప్రతివాడికీ విక్రమార్కుడు గుర్తున్నాడు. భుజాన శవం, చేతిలో కత్తి, చిత్రకారుడు శంకర్ గీసిన ఆ బొమ్మ గుర్తుంది. మరి ఆ శవాన్ని తెమ్మన్నది ఎవరు? అడిగి చూడండి దోస్తులారా, చాలామంది తల గోక్కుంటారు.

ఒక భిక్షువు. రోజూ దర్బారుకొచ్చి రాజుకు ఓ పండు ఇచ్చి ఖామోష్‌గా వెళ్లిపోయేవాడు. పండులో రత్నం. చివరికి రాజును శ్మశానానికి పిలిచి, చెట్టుకు వేలాడే శవాన్ని తెమ్మన్నాడు. రాజును బలిచ్చి విద్యాధరులకు చక్రవర్తి కావాలన్నది వాడి పథకం. బేతాళుడు ఆ గుట్టు విప్పాడు. "సాష్టాంగం ఎలా చెయ్యాలో నువ్వే చూపించు" అన్నాడు రాజు. భిక్షువు వంగగానే తల నరికాడు.

పాత కథలు పాతికే. చందమామ మాత్రం కొత్తవి అల్లుకుంటూ దశాబ్దాలు నడిపింది. అందుకే నెలనెలా రాజు నడుస్తూనే ఉన్నాడు, భిక్షువు కనబడకుండా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ముఖం లేదు, మాట లేదు. చెడ్డవాడన్న షక్ మాత్రం ఉంది.

వాడి పేరు చూడండి. 11వ శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడి కథాసరిత్సాగరంలో వాడు క్షాంతిశీలుడు. క్షాంతి, శీలం రెండూ బౌద్ధుల ఆరు పారమితల్లోవి. భిక్షువు అన్న మాటా వాళ్లదే. ఓర్పు, నడవడి అని అర్థమొచ్చే పేరు తెచ్చి నరబలి ఇచ్చేవాడికి తగిలించారు. హిందీ బైతాల్ పచ్చీసీకి వచ్చేసరికి వాడే యోగి అయ్యాడు. మనిషి మారాడు, కుర్చీ మారలేదు.

ఆ కుర్చీలో మనవాళ్లనూ కూర్చోబెట్టారు. బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడు ఒక నోట మాయల మరాఠీ, ఇంకో నోట మాయల ఫకీరు. పేరు ఏదైతేనేం, ఇద్దరూ పరాయివాళ్లే. వాడి ప్రాణం చిలకలో ఉందని బచ్చాలక్కూడా తెలుసు. ఫకీరంటే అసలు ఎవరో పెద్దలకు కూడా తెలియదు.

ఫక్ర్ అంటే పేదరికం. అల్లా తప్ప ఇంకేదీ అక్కర్లేదనుకున్నవాడు ఫకీరు. మా నెల్లూరు తీరంలో జుమేరాత్ వస్తే సాంబ్రాణి ధూపంతో, నెమలి ఈకల కట్టతో దుకాణం దుకాణం తిరిగేది ఆయనే. షావుకారు ఏ మతం వాడైనా ఆ పొగకు తల వంచుతాడు. బిడ్డకు జ్వరం తగ్గకపోతే కసుమూరు దర్గాకు పోయి తాయెత్తు కట్టించే హిందూ తల్లులు ఎందరో. అదే బిడ్డ అన్నం తినకపోతే "అదిగో సాయిబు, ఎత్తుకుపోతాడు" అంటారు. ఒకే నోటితో దువా, ఒకే నోటితో ఇల్జామ్!

ఇన్సాఫ్‌గా మాట్లాడుకుందాం. మన దాస్తాన్లు పాకీజానా? హసన్ బస్రీ కహానీలో పిల్లవాణ్ణి మోసం చేసేవాడు అగ్నిని పూజించే మజూసీ. అలాదీన్‌ను గుహలోకి దింపినవాడు ఎక్కడో మగ్రిబ్ నుంచి వచ్చిన జాదూగర్. తిలిస్మె హోష్‌రుబాలో చాలామంది జాదూగర్లు మన దీన్‌కు బయటివాళ్లే. ఉర్దూ బడిలో మేం చప్పట్లు కొట్టి చదివినవి ఇవే. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు పరాయివాణ్ణి ఆ కుర్చీలోకి తోశారు.

"పిల్లల కథే కదా, ఇంత గుస్సా ఎందుకు భాయ్?" అంటారు. ఎందుకో చెబుతాను. 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు బిచ్చగాళ్లను పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని గుంపు కొట్టి చంపింది. వాళ్లు ముస్లింలు కారు, నాథపంథీ గోసావీలు, తరతరాలుగా భిక్షే బతుకైన సంచారులు. అంతకు ముందు మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఇదే పుకారు ఒక ట్రాన్స్‌జెండర్ మనిషిని బలి తీసుకుంది. వాళ్లను కథలే చంపాయని అనను. వాట్సాప్ పుకారు చంపింది, గుంపు చంపింది. కానీ ఊరికి కొత్తగా వచ్చిన బిచ్చగాడి జోలెలో పిల్లవాడు ఉంటాడన్న నమ్మకం ఆ ఫోన్ కంటే పాతది. దాన్ని అందరం ఉగ్గుపాలతో తాగాం.

కథల్ని తగలబెట్టమనను. నిషేధాలు అడిగే జమాత్ నాది కాదు. బేతాళుడు బతకాలి, బాలనాగమ్మ బతకాలి. నా డిమాండ్ చిన్నది. క్షాంతిశీలుడి నేరం దురాశ. వాడు కట్టుకున్న బట్ట నేరం కాదు, పట్టుకున్న భిక్షాపాత్ర నేరం కాదు. కథ చెప్పే నోరు ఆ తేడా చెప్పాలి. యూట్యూబ్ నీతి కథలకు బొమ్మలు గీసే తమ్ముళ్లు మంత్రగాడు అనగానే గడ్డం, తస్బీ తగిలించడం ఆపాలి. అవి మా నానాల ముఖాలు.

రేపు మీ బిడ్డ "వాడు ఎందుకు చెడ్డవాడు?" అని సవాల్ వేస్తుంది. వాడు ఏం చేశాడో చెప్పండి. ఎలా ఉన్నాడో మాత్రం చెప్పకండి.