కొరడా ఎవరి మీద?

వ్యంగ్యాన్ని చదివే విద్యార్థి ముందుగా వేసుకోవలసిన ప్రశ్న: నవ్వుతున్నది ఎవరు, నవ్వులపాలవుతున్నది ఎవరు? 2012 మే నెలలో పార్లమెంటును కుదిపిన వ్యంగ్యచిత్రం ఈ ప్రశ్ననే మన ముందుంచింది.

1949లో శంకర్ గీసిన ఆ బొమ్మలో రాజ్యాంగం ఒక నత్త. దానిపై కొరడా పట్టుకుని కూర్చున్న అంబేడ్కర్, వెనుక కొరడా ఎత్తిన నెహ్రూ, చుట్టూ చోద్యం చూసే జనం. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి రాజనీతిశాస్త్ర పుస్తకం దీన్ని ముద్రించి, రాజ్యాంగ రచనకు అంతకాలం ఎందుకు పట్టిందో ఆలోచించమంది. దళిత ప్రతినిధులు అభ్యంతరపెట్టారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. పుస్తక సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. పుణెలో పల్షీకర్ కార్యాలయంపై దాడి జరిగింది. ఆ దాడి ఏ వాదనకూ బలం చేకూర్చలేదు.

నెహ్రూ అదిలిస్తున్నది నత్తనే తప్ప అంబేడ్కర్‌ను కాదని బొమ్మ సమర్థకులు అన్నారు. చిత్రకారుని ఉద్దేశం అదే కావచ్చు. అయితే వ్యంగ్యం గీసినవాని ఉద్దేశంతోనే ముగిసిపోదు, చూసేవారి అనుభవంలో పూర్తవుతుంది. బ్రాహ్మణుని చేతిలో కొరడా, ముందు దళితుని వీపు, చుట్టూ వినోదించే గుంపు: ఇలాంటి దృశ్యాన్ని ఊరిలో ఎరిగిన విద్యార్థికి నత్త కన్నా ముందు వీపు కనిపిస్తుంది. దాన్ని హాస్యప్రియత్వం లేకపోవడమని కొట్టిపారేయడం ఆధిపత్యానికి అలవాటైన తప్పించుకునే మార్గం. 1932–48 మధ్య ఆంగ్ల పత్రికలు అంబేడ్కర్‌పై వేసిన వ్యంగ్యచిత్రాలతో ఉన్నమతి శ్యామసుందర్ 2019లో వెలువరించిన ‘నో లాఫింగ్ మ్యాటర్’ తిరగేస్తే, ఆ పరిహాసం ఒక్క బొమ్మతో మొదలైనది కాదని తెలుస్తుంది.

మరి అంబేడ్కర్ ఏం చేశారు? 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆలస్యమన్న నిందకు లెక్కలతో బదులిచ్చారు. 7,635 సవరణలకు నోటీసులు రాగా 2,473 సభ ముందుకు వచ్చాయని, ఆస్ట్రేలియాకు తొమ్మిదేళ్లు పట్టిందని గుర్తుచేశారు. డ్రాఫ్టింగ్ కమిటీని ‘డ్రిఫ్టింగ్ కమిటీ’ అని ఎద్దేవా చేసిన నజీరుద్దీన్ అహ్మద్‌కు, మెరుగైనదాని కోసం వెతకడం కొట్టుకుపోవడం కాదని చురక అంటించారు. వ్యంగ్యం ఆయనకు కొత్త కాదు, భయమూ లేదు.

అందుకే బొమ్మను చెరిపివేయడం పరిష్కారం కాదు, సందర్భం చెప్పకుండా చూపించడమూ కాదు. పరిహాసం పక్కనే పరిహాసానికి గురైన మనిషి జవాబునూ ఉంచి బోధించాలి. నత్తను చూసి నవ్విన విద్యార్థి, వీపును చూసి నొచ్చుకున్న విద్యార్థి ఒకే తరగతిలో ఒకరి మాట ఒకరు వినాలి. వ్యంగ్యాన్ని చదవడం అక్కడే మొదలవుతుంది.