ఇంటి ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే



ఈ రోజుల్లో పల్లెల్లో కూడా కొన్ని ఇళ్లలోకి చిన్న ప్రింటర్ వచ్చింది. పిల్లల ప్రాజెక్టు పనికి, ఆధార్ నకలుకు, హాల్ టికెట్టుకు, ఆదివారపు పాటల కాగితానికి అది ఉపయోగపడుతున్నది. అయితే అవసరమైన పూటే అది మొరాయిస్తుంది. అమ్మాయి దరఖాస్తుకు ఆ రోజే చివరి రోజు; కాగితం లోపల ఇరుక్కుంటుంది. తొందరలో పట్టి లాగుతాము. కాగితంతోపాటు లోపలి భాగం కూడా విరుగుతుంది. బాగుచేయించాలంటే పట్నం పోవాలి. ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, మరమ్మతు ఖర్చు అన్నీ మీద పడతాయి. చాలాసార్లు ఈ ఖర్చు తప్పించుకోవచ్చు. గనుక ఈ నెల దీనిని గూర్చి తెలుసుకుందాము.

ముందుగా యంత్రం పనిచేసే విధానం గమనించండి. ట్రేలోని కాగితాల మీద ఒక రబ్బరు రోలర్ తిరుగుతుంది. రబ్బరుకు, కాగితానికి మధ్య పట్టు ఎక్కువ. కాగితానికి, కాగితానికి మధ్య పట్టు తక్కువ. అందుచేత ఒక్క కాగితమే ముందుకు కదులుతుంది. రెండవది దాని వెంట రాకుండా ఒక చిన్న మెత్త అడ్డుపడుతుంది. రోలర్ మీద దుమ్ము పేరుకుంటే పట్టు తప్పి కాగితం కదలదు. కాగితాలు చెమ్మగిల్లి అంటుకుంటే రెండు మూడు కలిసి లోపలికి పోయి ఇరుక్కుంటాయి.

ఇరుక్కున్నప్పుడు చేయవలసినవి ఇవి. మొదట స్విచ్ ఆపి ప్లగ్ తీసివేయండి. లేజర్ ప్రింటర్ అయితే అరగంట ఆగండి. లోపల సిరాపొడిని కాగితానికి అతికించే భాగం చేయి కాలేంత వేడిగా ఉంటుంది. ట్రేలో మిగిలిన కాగితాలు తీయండి. మూత గాని, వెనుక తలుపు గాని తెరిచి, ఇరుక్కున్న కాగితం రెండు అంచులను రెండు చేతులతో పట్టుకొని, వీలైనంతవరకు అది ప్రయాణించే దిక్కుకే మెల్లగా, తిన్నగా లాగండి. ఒక మూల పట్టి లాగితే చిరుగుతుంది. ఇంక్‌జెట్ ప్రింటర్‌లో అడ్డంగా సన్నని పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దానిని ముట్టవద్దు. దాని మీద మరక పడితే సిరా తల తానెక్కడున్నదో గుర్తించలేదు.

కాగితం చిరిగితే ముక్కలను బల్లమీద పేర్చి చూడండి. ఒక మూల తక్కువైతే అది ఇంకా లోపలే ఉన్నది. గోరంత ముక్క సెన్సార్ దగ్గర నిలిచినా, యంత్రం మళ్లీ మళ్లీ “జామ్” అనే చెబుతుంది. టార్చిలైటు వేసి వెదకండి. వెనుకనుండి కాగితం పెట్టే ప్రింటర్లలో పెన్సిల్ ముక్క, తలపిన్ను, ఒక్కొక్కసారి బల్లి కూడా పడుతుంది. వాడనప్పుడు గుడ్డ కప్పి ఉంచండి.

కాగితం ఇరుక్కోకపోయినా లోపలికి లాగడం లేదంటే, ప్లగ్ తీసి, పీచు రాలని గుడ్డను మంచినీటితో కొంచెం తడిపి రోలర్ చుట్టూ తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. కిరోసిన్, థిన్నర్, నూనె వాడవద్దు. అవి రబ్బరును పాడుచేస్తాయి. రబ్బరు నున్నబడి మెరుస్తుంటే అది అరిగిపోయినట్లే. అప్పుడు మెకానిక్ దగ్గరకు వెళ్లడం మంచిది.

అన్నిటికంటె ముఖ్యం కాగితం. 70 నుండి 80 జి.ఎస్.ఎం. కాగితం ఇంటి ప్రింటర్లకు చాలును. కట్ట చుట్టూ ఉండే కవరు తేమను ఆపడానికే. దానిని చించి పారవేయకుండా, మిగిలిన కాగితాలను అందులోనే చదునుగా ఉంచండి. వానాకాలంలో రాత్రంతా ట్రేలో వదలవద్దు. పెట్టేముందు కట్టను విసనకర్రలా విప్పి, అంచులు బల్లకు తట్టి సరిచేయండి. ట్రేలోని గుర్తు దాటి నింపవద్దు. పక్కనున్న గైడ్లు కాగితాన్ని తాకాలి గాని నొక్కకూడదు. వదులైతే కాగితం వంకరగా పోతుంది, బిగిస్తే మధ్యలో వంగుతుంది. పిన్ను కొట్టినవి, మడతపడినవి మరల వాడవద్దు.

చివరిగా ఒక మాట. దరఖాస్తును చివరి రోజుకు ఉంచక రెండు రోజుల ముందే ప్రింటు తీసుకోండి. అప్పుడు కాగితం ఇరుక్కున్నా నెమ్మదిగా తీసే సమయం మీకుంటుంది.