ఆర్చీలకు ఎక్కని పేర్లు

ఈమధ్య ఏ ఊరెళ్ళినా ముందుగా మనకు స్వాగతం చెప్పేది ఊరివాళ్ళు కాదు, సిమెంటు ఆర్చి. అటూ ఇటూ రెండు ఏనుగులు, పైన రంగులు వేసిన దేవుళ్ళు, పక్కనే పాలరాతి పలక. ఆ పలకమీద, ఫలానావారి జ్ఞాపకార్థం వారి కుమారుడు, అమెరికా, అంటూ బంగారు రంగు అక్షరాలు. మంచిదే! చల్లగా ఉండాలి ఆ బిడ్డలు. పుట్టిన ఊరిని మరిచిపోకుండా బడికో, గుడికో నాలుగు డబ్బులు పంపిస్తే కాదనేదెవరు?

నా పేచీ అంతా ఒక్కటే. మన ఊళ్ళనుంచి సముద్రం దాటినవాళ్ళు వీళ్ళేనా? విమానం ఎక్కినవాళ్ళే మనవాళ్ళు, ఓడ ఎక్కినవాళ్ళు కారా?

కోరంగి సంగతే చూడండి. కాకినాడకు దగ్గర్లో, గౌతమి సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు. ఒకనాడు పేరున్న ఓడరేవు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన ఉప్పెనలు దాన్ని ఊడ్చిపెట్టాయి. రేవు చితికినా పేరు మాత్రం సముద్రాలు దాటింది. మారిషస్‌లో తెలుగువాళ్ళని "కోరంగీలు" అన్నారు. బర్మాలోనూ అదే పేరు. విశాఖపట్నంవాడైనా, శ్రీకాకుళంవాడైనా అక్కడ కోరంగీయే! 1930లో రంగూన్ రేవులో అల్లర్లు చెలరేగినప్పుడు దెబ్బలు తిన్నదీ, ప్రాణాలు పోగొట్టుకున్నదీ ఈ కోరంగీ కూలీలే. మరి ఇవాళ మనం కోరంగి వెళ్ళి ఏం చేస్తాం? మడ అడవులు చూసి, పడవ షికారు చేసి, ఫోటోలు దిగి వచ్చేస్తాం.

"కూలికి పోయిన సంగతి చాటుకోవడం ఏం గొప్పమ్మా?" అంటారు కొందరు పెద్దమనుషులు. ఇదిగో, అసలు జబ్బు ఇక్కడే ఉంది. డాలర్లు పంపితే వంశోద్ధారకుడు. చెరుకుతోటలో నడుం విరుచుకుంటే పేరెత్తకూడని మనిషి! కష్టపడ్డంలో సిగ్గేమిటండీ? సిగ్గుపడవలసింది వాళ్ళను ఒప్పందాలకు కట్టేసి అరవచాకిరీ చేయించుకున్నవాళ్ళు. ఆ తర్వాత, మరిచిపోయిన మనం.

వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. నేటాల్‌కూ, ఫిజీకీ కూలీలను పంపేటప్పుడు నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని నిబంధన ఉండేది. ఆ ఓడల పట్టీల్లో పేరూ, తండ్రి పేరూ, వయసూ, ఊరూ, ఆఖరికి ఒంటిమీద మచ్చలు కూడా రాసుకున్నారు. దొరలు రాసుకున్నది ప్రేమకొద్దీ కాదు, లెక్క తప్పకుండా ఉండడానికి. అయినా రాశారు! దొరగారి లెక్కల పుస్తకంలోకి ఎక్కిన ఆ ఆడపడుచు పేరు, ఆమె పుట్టింటి ఊళ్ళో ఏ రాతిమీద ఉందో చెప్పండి చూద్దాం.

దిగినచోట గుర్తు పెట్టుకున్నారు. పోర్ట్ లూయిస్‌లో కూలీలు ఎక్కివచ్చిన రాతిమెట్లున్న ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమయింది. మారిషస్‌లో ఉగాదికి దేశమంతా సెలవు. కలకత్తాలో కూడా, సురినామ్‌కు ఓడలు బయల్దేరిన రేవు దగ్గర 2015లో మూటతో నిలబడ్డ భార్యాభర్తల విగ్రహం పెట్టారు. మన ఊళ్ళకేం వచ్చింది?

ఆర్చీలు కట్టవద్దని నేననను. ఈసారి ఆర్చి చందాకని ఎవరైనా మీ గుమ్మం ఎక్కితే ఒక్క షరతు పెట్టండి: దాతల పలక పక్కనే, కూలికి వెళ్ళినవాళ్ళకూ ఒక పలక. పేర్లెక్కడ దొరుకుతాయంటారా? ముందు మీ అత్తగారిని అడగండి, పక్కింటి మామ్మగారిని అడగండి. "మా మేనత్త రంగం పోయిందే" అనే మాట ఏదో ఒక ఇంట్లో దొరక్కపోదు. పేరు తెలియకపోతే, "మా ఊరి ఆడపడుచు, ఓడెక్కి వెళ్ళింది, తిరిగి రాలేదు" అని చెక్కించినా చాలు. ఆ ఒక్క వాక్యం ముందు సిమెంటు ఏనుగులు రెండూ వెలవెలబోతాయి.