చక్రానికి అందమొక్కటే చాలునా?

కొత్త కారు కొన్న యువకులలో అనేకుల మొదటి కోరిక చక్రాలు మార్చడం. కంపెనీ ఇచ్చిన ఉక్కు రిమ్ములను తీసి, మెరిసే పెద్ద అల్లాయ్ చక్రాలు వేయిస్తున్నారు. అందాన్ని మేము ఆక్షేపించము. కాని కొలత తప్పిన అందం ప్రాణానికి ముప్పు అని చెప్పక తప్పదు.

టైరు ప్రక్కన 185/65 ఆర్15 అని ఉన్నదనుకొందాము. వెడల్పు 185 మిల్లీమీటర్లు; ప్రక్కగోడ ఎత్తు అందులో 65 శాతం; రిమ్ము వ్యాసం 15 అంగుళాలు. లెక్కిస్తే టైరు మొత్తం వ్యాసం సుమారు 622 మిల్లీమీటర్లు. ఈ మొత్తాన్ని కాపాడడమే అసలు సూత్రం. 16 అంగుళాల రిమ్ముకు 195/55 టైరు వేస్తే వ్యాసం 621, భేదం లేనట్లే. 195/65 వేస్తే 660 అవుతుంది. అప్పుడు స్పీడోమీటరు 80 చూపుతుండగా కారు దాదాపు 85 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకొనవచ్చు. ప్రక్కగోడను మరీ తగ్గించినా చిక్కే. గుంతలో పడినప్పుడు దెబ్బ రిమ్ముకే తగులుతుంది.

బరువు సంఖ్యను కూడా విస్మరించరాదు. 88 అంటే ఒక్కొక్క టైరు 560 కిలోలు మోయగలదని అర్థం. కొత్త టైరు అంతకు తగ్గరాదు.

ఇందుకు కావలసినది పాఠశాల గణితమే. దుకాణదారుని మాటకంటె వాహనంతో కంపెనీ ఇచ్చిన పుస్తకమే మనకు ప్రమాణం. మన కారులో కూర్చున్నవారు మన లెక్కను నమ్మి కూర్చున్నారని విద్యార్థులు మరువకుందురు గాక!