వాసన వచ్చే బావికి పరీక్షే మందు

బావి నీళ్లు వాసన వస్తున్నాయంటే ఇంత బ్లీచింగ్ పౌడర్ చల్లి ఊరుకోవడం చాలా ఊళ్లలో మామూలైపోయింది. అది సరికాదు. ముందు కారణం తేల్చాలి.

చన్నీళ్లు బాగుండి వేణ్నీళ్లే కంపు కొడితే తప్పు గీజర్‌ది కావచ్చు. అందులోని మెగ్నీషియం కడ్డీని చూపించాలి. రెండింటికీ కుళ్లిన కోడిగుడ్డు వాసన ఉంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. గాలి సోకని నీటిలో సల్ఫేటు మీద బతికే బ్యాక్టీరియా దాన్ని పుట్టిస్తుంది. బకెట్ అడుగున తుప్పు రంగు జిగురు కనిపిస్తే ఇనుప బ్యాక్టీరియాను అనుమానించాలి. మురుగు కంపు వస్తే మాత్రం ఆ నీళ్లు తాగడం, వంటకు వాడడం తక్షణం ఆపాలి.

శుద్ధికీ పద్ధతి ఉంది. వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేటను మాత్రమే బావిలో కలిపి గంట ఆగాలి. సెప్టిక్ ట్యాంకు బావి పక్కనే ఉంటే ఈ మందు నాలుగు రోజుల ముచ్చటే. రెండింటి మధ్య కనీసం 15 మీటర్ల ఎడం ఉండాలి.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ.కోలి కూడా ఉండకూడదు. అది ముక్కుకు అందే సంగతి కాదు. జల్ జీవన్ మిషన్ పరీక్ష కిట్లను కుళాయిలకే పరిమితం చేయకుండా, పంచాయతీలు ఏటా వానల తర్వాత ఇళ్ల బావులనూ పరీక్షించాలి. ఫలితాన్ని ఆ ఇంటివారికి రాసి ఇవ్వాలి. మంచినీళ్ల విషయంలో ఇంతకంటే తక్కువకు ఒప్పుకోకూడదు.